పొగబండి పోయింది, కూత మిగిలింది

మా వీధిలో పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలాట ఆడుతుంటారు. అందరికంటే ముందున్నవాడు మోచేతులు రెండూ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ "చుక్ చుక్ చుక్" అంటాడు. నడుమ నడుమ "కూ..." అని పెద్దగా కూత వేస్తాడు. వాళ్ళలో ఒక్కడైనా పొగబండిని చూసినవాడు కాదు. ఆ మాట కొస్తే వాళ్ళ తల్లిదండ్రుల్లో కూడా చూసినవాళ్ళు తక్కువే. వాళ్ళు సెలవులకి ఎక్కే రైళ్ళు కరెంటుతో నడుస్తాయి. అవి చుక్ చుక్ అనవు, బుస్సుమనవు. అయినా రైలనగానే నోటికి వచ్చే చప్పుడు అదే. ఆ మోచేతులు ఆడించడం కూడా ఊరికే పుట్టింది కాదు. ఆవిరి ఇంజను చక్రాలను తిప్పే ఇనుప కడ్డీ కదలికకు అది అచ్చమైన అనుకరణ. ఆఖరికి కాపలా లేని రైల్వే గేటుకు గుర్తుగా రోడ్డు పక్కన పెట్టే బోర్డు మీద వుండేది కూడా ఆవిరి ఇంజను బొమ్మే!

ఆలోచిస్తే ఇది విచిత్రంగా లేదూ? ఎన్నో యంత్రాలు మన పెద్దల కళ్ళ ముందే కాలం చేశాయి. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. నాలుగు రోజులు పత్రికల్లో రాశారు, ఐదోరోజు అందరూ మరిచిపోయారు. టైపు మిషన్లు పాత ఇనుప సామాన్ల కొట్టుకి చేరాయి. టెలిగ్రాం ఆట ఆడే పిల్లవాణ్ణి నేనెక్కడా చూడలేదు. పొగబండి ఒక్కటే పోయి కూడా పోనట్టుగా వుండిపోయింది. పాత కాలమంతా బంగారమనుకునే పెద్దవాళ్ళ అలవాటు ఇది అని కొందరంటారు. ఆ అలవాటు చూసినవాళ్ళకు వుండాలి గాని, చూడనివాళ్ళకు ఎందుకు వుండాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు రెండు దారులున్నాయి. ఒకటి నేను చదువుకుంటున్న భౌతికశాస్త్రం. రెండోది మా తాతయ్య. ఆయన 1966లో రైల్వేలో ఇంజన్లు తుడిచే క్లీనరుగా చేరి, సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్ అయి, ఆవిరి పోయాక డీజిలు ఇంజన్ల మీద అసిస్టెంటుగా పనిచేసి, చివరికి కరెంటు ఇంజను డ్రైవరుగా రిటైరయ్యారు. పుస్తకం చెప్పింది కొంత, తాతయ్య చెప్పింది కొంత కలిపి ఇక్కడ రాస్తున్నాను.

చరిత్ర అందరికీ తెలిసిందే గనక క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1804లో వేల్స్ దేశంలో రిచర్డ్ ట్రెవిథిక్ అనే ఇంజనీరు పట్టాల మీద ఆవిరి ఇంజనుతో మొదటిసారి బరువు లాగించాడు. 1829 అక్టోబరులో ఇంగ్లండులోని రెయిన్‌హిల్ దగ్గర ఇంజన్లకు పందెం పెడితే, జార్జి స్టీఫెన్‌సన్, అతని కొడుకు రాబర్టు తయారు చేసిన 'రాకెట్' అయిదువందల పౌన్ల బహుమతి గెలుచుకుంది. ఇరవైమూడున్నరేళ్ళకు, 1853 ఏప్రిల్ 16న, బొంబాయి బోరీబందరు నుంచి ఠాణాకు మన దేశపు మొదటి ప్రయాణీకుల బండి కదిలింది. పధ్నాలుగు పెట్టెలు, నాలుగు వందల మంది అతిథులు, లాగడానికి సాహెబ్, సింధ్, సుల్తాన్ అని మూడు ఇంజన్లు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు పట్టాలు పడి నిజాం రాజధానికి కూడా పొగబండి వచ్చేసింది.

ఆ 'రాకెట్' ఎందుకు గెలిచిందో తెలుసుకుంటే పొగబండి మీద ప్రేమకు సగం కారణం దొరుకుతుందని నా నమ్మకం. అంతకు ముందు ఇంజన్ల బాయిలరులో నిప్పు పోవడానికి ఒకటో రెండో లావుపాటి గొట్టాలుండేవి. 'రాకెట్'లో సన్నని రాగి గొట్టాలు ఇరవైఅయిదు పెట్టారు. నిప్పు సెగ ఆ గొట్టాల్లోంచి పోతుంటే చుట్టూ వున్న నీళ్ళు త్వరగా మరుగుతాయి. అంతకంటే గొప్ప సంగతి ఇంకోటి వుంది. పిస్టన్లను తోసి పనయిపోయిన ఆవిరిని గాలికి వదిలేయకుండా పొగగొట్టంలోకి ఊదించారు. ఆ ఊపుకి గొట్టంలోని పొగ పైకి ఎగదన్నుతుంది. దాని వెనకాల నిప్పులోకి కొత్త గాలి దూసుకొస్తుంది. అంటే ఇంజను ఎంత కష్టపడితే నిప్పు అంత బాగా రాజుకుంటుందన్నమాట! ఎత్తు ఎక్కేటప్పుడు ఆవిరి ఎక్కువ ఖర్చవుతుంది, ఎక్కువ ఊపు పుడుతుంది, ఎక్కువ మంట లేస్తుంది, మళ్ళీ ఎక్కువ ఆవిరి తయారవుతుంది. ఎవరూ మీట నొక్కక్కర్లేదు. మనిషి పరుగెత్తితే ఊపిరి వేగం దానంతట అదే పెరగడం లేదూ? అలాంటిదే ఇది.

మనం విన్న ఆ "చుక్ చుక్" ఈ ఊపిరే. రెండు సిలిండర్లున్న ఇంజనులో చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు ఊపిర్లు. స్టేషను నుంచి కదిలేటప్పుడు బరువుగా, ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగేట్టు వినబడతాయి. వేగం అందుకున్నాక కలిసిపోతాయి. గట్టు ఎక్కుతుంటే మళ్ళీ విడిపోయి, ఆయాసపడుతున్నట్టు వుంటాయి. దీన్ని యంత్రమనే కంటే జంతువనడం సులువు. బొగ్గు తింటుంది, నీళ్ళు తాగుతుంది, ఊపిరి పీలుస్తుంది, కేక పెడుతుంది, పని చేస్తే వేడెక్కుతుంది. ఏం చేసినా దాపరికం లేకుండా చేస్తుంది. కడ్డీలు బయటే కదులుతాయి, ఆవిరి బయటికే బుస్సుమంటుంది. అయిదేళ్ళ పిల్లవాడు పక్కన నిలబడి చూస్తే ఏది దేన్ని తోస్తోందో తెలిసిపోతుంది. ఈనాటి కరెంటు ఇంజను పనితనంలో దానికి నాలుగింతలు. కాని దాని పక్కన ఎమ్మెస్సీ విద్యార్థి నిలబడినా కనిపించేది రంగు వేసిన రేకు పెట్టె మాత్రమే. మన చేతిలోని ఫోను సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్ని యంత్రాలూ మూత వేసుకు కూర్చున్న ఈ కాలంలో, గుండె విప్పి చూపించిన యంత్రం మీద మనసు పోవడంలో వింతేముంది?

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. శాస్త్రం లెక్క ప్రకారం ఆవిరి ఇంజను ఒట్టి దుబారా మనిషి. బొగ్గులోని శక్తిలో వంద పాళ్ళకు పది పాళ్ళు కూడా బండి లాగడానికి పనికిరావు, మిగిలిందంతా పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. నిప్పు పెట్టిన తరవాత కదలడానికి సిద్ధమయ్యేసరికి గంటలు గడుస్తాయి. నిలబడి వున్నా బొగ్గు తింటూనే వుంటుంది. ఐతే ఈ దుబారాయే మా శాస్త్రానికి గురువైంది. వేడిలో ఎంత భాగాన్ని పనిగా మార్చగలమని సాదీ కార్నో అనే ఫ్రెంచి యువకుడు 1824లో ఒక చిన్న పుస్తకం రాశాడు. మేము తరగతిలో తలలు పట్టుకునే థర్మోడైనమిక్స్‌కు పునాది అదే. అప్పటికి ఆవిరి యంత్రాలు గనుల్లో నీళ్ళు తోడటం మొదలుపెట్టి నూరేళ్ళు దాటింది. ముందు కూలీలు, కమ్మర్లు, మెకానిక్కులు యంత్రాన్ని నడిపించారు, తరవాత శాస్త్రవేత్తలు అది ఎందుకు నడుస్తోందో చెప్పారు. చదువుకున్న మనం ఈ వరస మరిచిపోకుండా వుంటే మంచిది.

పుస్తకం చెప్పింది అది. ఇక తాతయ్య.

ఒక ఆదివారం పూట ఆయనతో కూచుని, "తాతయ్యా, మీకు ఆవిరి ఇంజనంటే ఎంతో ప్రేమ కదూ?" అని అడిగాను. ఆయన నా వంక చూసి, "ప్రేమేంటమ్మా! మే నెల మిట్టమధ్యాహ్నం ముందు నిప్పు, వెనక వడగాలి. మధ్యలో నిలబడి పార తిప్పేవాడికి ప్రేమ గుర్తొస్తుందా? ఎప్పుడు దిగుతామా, ఎప్పుడు నెత్తిన నీళ్ళు పోసుకుంటామా అని వుండేది," అన్నారు. నేను రాద్దామనుకున్న వ్యాసం ఆ ఒక్క మాటతో అడ్డం తిరిగింది.

బ్రాడ్‌గేజి ఇంజను మీద ఒక డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు వుండేవారు. ఒకరు వెనకున్న టెండరులో బొగ్గు పెళ్ళలు పిడికిలంత ముక్కలయ్యేట్టు కొట్టి ముందుకు తోస్తే, ఒకరు పారతో నిప్పులోకి విసిరేవారు. ఒక్క డ్యూటీలో టన్నుల కొద్దీ బొగ్గు ఆ పారల మీదుగానే పోయేది. వూగిపోయే ఇంజను మీద కాళ్ళు ఎడంగా వేసి నిలబడాలి. తలుపు తీసిన క్షణంలో గురి చూసి పొయ్యి మూలలకు, అంచులకు సమంగా చల్లాలి. ఒకచోట గుట్టపడినా, ఒకచోట కన్నం పడినా ఆవిరి పడిపోతుంది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. అది కరిగి చిట్టెం కట్టి జల్లెడను మూసేస్తుంటే పొడుగాటి ఇనప కడ్డీతో కుళ్ళగించాలి. కళ్ళు మండుతాయి, కనుబొమలు కాలుతాయి.

"నిప్పు చూస్తూ నీళ్ళు మరిచిపోకూడదు, నీళ్ళు చూస్తూ నిప్పు మరిచిపోకూడదు," అంటారు తాతయ్య. ఈ మాట వెనక ప్రాణభయం వుంది. 1950 తరవాత మన రైళ్ళను ఎక్కువగా లాగిన డబ్ల్యుపి, డబ్ల్యుజి రకాల బాయిలర్లలో చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి వుండేది. మోటారు సైకిలు టైరులో వుండేది ముప్పై పౌన్లే. పొయ్యి నెత్తిన ఎప్పుడూ నీళ్ళు కప్పి వుండాలి. ఆ నీళ్ళు తగ్గిపోతే పైరేకు ఎర్రగా కాలి మెత్తబడి బాయిలరు పేలుతుంది. అందుకని అక్కడ సీసంతో నింపిన బిరడా ఒకటి పెట్టేవారు. నీరు తగ్గితే సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదకి చిమ్మి మనుషుల్ని హెచ్చరిస్తుంది. గాజు గొట్టంలో అంగుళాల లెక్కన కనిపించే నీటిమట్టం మీద ఇంజను మీది ముగ్గురి ప్రాణాలు, వెనక పెట్టెల్లో నిద్రపోతున్న వాళ్ళ క్షేమం ఆధారపడి వుండేవి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది పొగ సంగతి. సినిమాల్లో, ఫోటోల్లో నల్లని పొగ కుమ్ముకుంటూ వచ్చే రైలంటే మనకు ఎంత ఇష్టం! తాతయ్యకు ఆ బొమ్మ చూపిస్తే ముఖం చిట్లించారు. "పొగ అంత నల్లగా వస్తోందంటే బొగ్గు సరిగ్గా మండటం లేదని అర్థం. ఫైర్‌మన్‌కి అది నామోషీ. మంచి పనివాడి గొట్టం మీద పల్చటి బూడిదరంగు పొగే వుండాలి," అన్నారు. మనం అందమనుకున్నది వాళ్ళకు తలవంపులు. బయటినుంచి చూసే ప్రేమకూ లోపలినుంచి చేసే పనికీ ఇంత దూరం వుంది.

మరి ఆయనకు ఆ ఇంజను మీద ఏ మమకారమూ లేదా అంటే, అదీ కాదు. ఆ రోజు లేవబోతుంటే ఆయనే మళ్ళీ మొదలుపెట్టారు. "డీజిలు వచ్చాక ఒళ్ళు సుఖపడింది తల్లీ. చొక్కా మాయలేదు. కాని మొదటి నెలంతా చేతులు ఏం చెయ్యాలో తోచేది కాదు. ఆవిరి బండి మీద ప్రతి మైలుకీ నేను వుండేవాణ్ణి. గట్టు వస్తోందంటే ముందుగానే నిప్పు కట్టాలి, దిగుడు వస్తోందంటే ముందే చెయ్యి ఆపాలి. ఏ ఇంజనుకు ఆ ఇంజనుదే స్వభావం. ఒకే కార్ఖానాలో, ఒకే నెలలో తయారైన రెండు ఇంజన్లు ఒక్కలా ఆవిరి కట్టవు. చప్పుడులో నాలుగు దెబ్బలూ సమంగా పడకపోతే కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి, వాల్వు తేడాగా వుందని." ఇలా చెబుతున్నప్పుడు ఎనభైకి దగ్గరపడిన ఆ మనిషి కుడిచెయ్యి దానంతట అదే పార పట్టిన భంగిమలోకి వచ్చింది. ఆయన దాన్ని ప్రేమ అని ఒప్పుకోరు. నాకు మాత్రం వేరే పేరు తోచలేదు.

మన నేల మీద ఈ చరిత్ర ఎంత లోతుగా దిగబడి వుందో చూడండి. ఇల్లెందు దగ్గర బొగ్గు వుందని భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1871లో కనుక్కున్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. పొగబండి బొగ్గు కోసం గనిని వెతుక్కుంది, గని తన బొగ్గు మొయ్యడానికి పొగబండిని పిలిచింది. డోర్నకల్లు పెద్ద జంక్షను కావడం వెనక ఈ సంబంధమే వుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో యాభైఆరు ఖానాల పాత వంతెన తెరుచుకుంది. 1997లో విశ్రాంతి పొందేదాకా దాని మీద ఎన్ని లక్షల నాణేలు నదిలో పడ్డాయో లెక్క లేదు. ఆవిరి రోజుల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు ఒక చేత్తో నాణెం విసిరి, రెండో చేత్తో కంట్లో పడ్డ బొగ్గు నుసి నలుపుకునేవారని మా అమ్మమ్మ చెబుతుంది.

ఇక బిట్రగుంట. నెల్లూరుకూ కావలికీ నడుమ వున్న ఈ వూరు బెజవాడకూ మద్రాసుకూ దాదాపు మధ్యన పడుతుంది. ఆవిరి ఇంజను ఏకబిగిన అంత దూరం పోలేదు. నీళ్ళు పట్టాలి, బొగ్గు ఎక్కించాలి, బూడిద దులపాలి, మనుషులు మారాలి. అందుకని అక్కడ పెద్ద లోకో షెడ్డు, దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, అంగళ్ళు వెలిశాయి. 1980 నాటికి ఆ మార్గమంతా కరెంటు తీగలు పడ్డాయి. కరెంటు ఇంజనుకు అక్కడ ఆగవలసిన పని లేదు. ఇంజనుకు దాహం తీరింది, వూరికి నీళ్ళు ఎండాయి అన్నట్టయింది. ఆవిరి పోవడమంటే ఒక యంత్రం పోవడమే కాదు, ఆ యంత్రపు అవసరాల చుట్టూ అల్లుకున్న బతుకులు చెదరడం కూడా అని బిట్రగుంట చెబుతుంది.

దేశం మొత్తం మీద చూస్తే ఆవిరి నెమ్మదిగానే వెళ్ళిపోయింది. చిత్తరంజన్ కార్ఖానాలో 1950 నవంబరు 1న 'దేశబంధు' అనే మొదటి ఇంజను బయటికి వచ్చింది. 1970లో తయారైన చివరి బ్రాడ్‌గేజి ఇంజనుకు 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టారు. 1972లో ఆవిరి ఇంజన్ల తయారీ పూర్తిగా మానేసేసరికి అక్కడ కట్టినవి 2351. బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండి చివరి ప్రయాణం 1995 డిసెంబరు 6న పంజాబులో, జలంధరు, ఫిరోజుపూరుల మధ్య జరిగింది. ఈ నడుమ ఇంజను సిబ్బంది తమ పని గంటలకు హద్దు కావాలని 1973లో సమ్మె చేశారు. 1974 మే 8 నుంచి 27 దాకా దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. ఆవిరి యుగాన్ని తలుచుకునేటప్పుడు కూతతో పాటు ఇది కూడా తలుచుకోవాలి. ఆ రోజుల సంగతి అడిగితే తాతయ్య నవ్వి వూరుకుంటారు.

పోయినవాటిని దాచుకునే ప్రయత్నం లోకంలో బాగానే జరిగింది. వేల్స్‌లో తలిథ్లిన్ అనే చిన్న రైలుమార్గం మూతపడబోతుంటే 1951లో మామూలు జనం జీతం లేకుండా నడపడానికి ముందుకొచ్చారు. ఇంగ్లండులో కొందరు అభిమానులు చందాలు పోగుచేసి, పాత నమూనా ఒక్కటి కూడా మిగలని ఇంజనును మొదటినుంచీ కొత్తగా కట్టి 2008లో పట్టాలెక్కించారు. దాని పేరు 'టొర్నాడో'. మన దగ్గర 1855లో తయారైన 'ఫెయిరీ క్వీన్' 1997లో మళ్ళీ నడిచింది. రేవాడీలోని పాత ఆవిరి షెడ్డును మ్యూజియంగా నిలబెట్టారు. డార్జిలింగు బండికి 1999లోను, నీలగిరి బండికి 2005లోను యునెస్కో గుర్తింపు వచ్చింది. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా పళ్ళ పట్టా పట్టుకుని, పెట్టెల్ని వెనకనుంచి తోస్తూ కొండెక్కే ఇంజను ఇప్పటికీ ఆవిరిదే. కాకపోతే ఆ ఇంజన్లలో ఎక్కువ వాటికి బొగ్గు బదులు నూనె మండిస్తున్నారు. అంటే అక్కడ కూడా పార మూలపడింది.

నా బాధంతా ఇక్కడే. ఇనుమును దాచుకున్నాం, రంగు వేసి, పీఠం మీద ఎక్కించి, చుట్టూ గొలుసు కట్టాం. సెలవు రోజుల్లో పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నాం. కాని దాన్ని బతికించిన విద్య ఇనుములో లేదు. నిప్పు రంగు చూసి ఆవిరి లెక్క చెప్పే కన్ను, చప్పుడు విని రోగం చెప్పే చెవి, గట్టు రాకముందే గట్టును పసిగట్టే చెయ్యి, ఇవి మనుషుల ఒంట్లో వున్నాయి. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. 1985లో పాతికేళ్ళ వయసున్న ఫైర్‌మన్‌కు ఇప్పుడు అరవైఅయిదు దాటాయి. ఇంకో ఇరవై ఏళ్ళకు ఇంజన్లుంటాయి, వాటితో మాట్లాడగలిగినవాళ్ళు వుండరు. సంగీత వాద్యం భద్రంగా వుండి, వాయించేవాడు లేకపోతే ఎలా వుంటుందో అలా వుంటుంది మన మ్యూజియం.

అందుకని మిత్రులకు నాదొక్క మనవి. మనలో రైల్వే కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు చాలామందే వున్నారు. కాజీపేటలోనో, గుంతకల్లులోనో, బెజవాడలోనో, వాల్తేరులోనో మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఒక రిటైరైన ఫైర్‌మనో డ్రైవరో వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటూ వుంటారు. ఈ సెలవుల్లో వెళ్ళి ఆయన పక్కన కూర్చోండి. మనందరి జేబుల్లో ఫోన్లున్నాయి, రికార్డు చెయ్యండి. "మీరు ఆ రోజుల్ని ప్రేమించారా?" అని అడగకండి, అది మన ప్రశ్న. "నిప్పు ఎలా కట్టేవారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు వాళ్ళ దగ్గర గంటలకొద్దీ జవాబు వుంది. తాతయ్య చెప్పినవి నేను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అందులో ఇప్పటికి నలభైమూడు పేజీలు నిండాయి. నీళ్ళు పట్టే సంగతి దగ్గర ఆగాం. వచ్చే ఆదివారం అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.